గొలుసు లేని సిలిండర్

2024 డిసెంబర్ 4, బుధవారం పొద్దున. నైట్ డ్యూటీ అయిపోవస్తోంది. మా ఐసీయూలో ఎనిమిది బెడ్లు. ఆ రోజు ఆరుగురు పేషెంట్లు, అందులో ఇద్దరు వెంటిలేటర్ మీద. నాలుగో బెడ్‌లో పురుగుమందు తాగిన కుర్రాడు, వచ్చి మూడో రోజు. ఏడున్నర రీడింగులు రాద్దామని అతని చార్టు తీసి గోడ గడియారం చూశాను. ఏడూ ఇరవై ఏడు.

ముందు చప్పుడు వినపడింది. మా ఆసుపత్రి ముందు నుంచి బొగ్గు లారీలు పోతూనే ఉంటాయి కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత సెలైన్ స్టాండ్లు ఊగడం మొదలైంది. ఆరూ ఒకేసారి. సీసాలు రాడ్లకి టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయమ్మ తడిగుడ్డ కర్ర పట్టుకుని ఉన్నచోటే ఆగిపోయి, "సిస్టరమ్మా, నేల కదుల్తాంది" అంది.

నేను నాలుగో బెడ్ దగ్గరికి ఒక్క అంగలో వెళ్లి, కుర్రాడి నోట్లో ట్యూబునీ వెంటిలేటర్ గొట్టాన్నీ కలిపి రెండు చేతులతో పట్టుకున్నాను. ఆలోచించి చేసిన పని కాదు. ఇరవై ఏళ్లుగా ట్యూబు ఊడిపోతుందేమో అన్న భయంతో బతికే చేతులు అవి. అప్పుడే నా ఎడమ పక్కన ఠంగుమంది. తల తిప్పి చూస్తే బెడ్డుకీ గోడకీ మధ్య నిలబెట్టిన జంబో సిలిండర్ గోడకి కొట్టుకుని మళ్లీ నా వైపు ఒరుగుతోంది. దాని అడుగు ఒక పక్క నేల మీంచి రెండు వేళ్లంత లేచింది. చేతులు ఖాళీ లేవు. కాలు అడ్డం పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. అది అలా ఒక్క క్షణం ఆగి, దానంతటదే వెనక్కి కూర్చుంది.

అంతే, కొన్ని సెకన్లలో అయిపోయింది. బయట వరండాలో పేషెంట్ల తాలూకు వాళ్లంతా మెట్ల మీద పరిగెత్తుతున్న చప్పుడు. ఒక్క మనిషి మాత్రం ఎదురు వచ్చింది, ఆ కుర్రాడి తల్లి. చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి కొడుకు కాళ్లు పట్టుకుంది. నేనేమీ అనలేదు.

ములుగు జిల్లా మేడారం వైపు కేంద్రం, తీవ్రత 5.3 అని తర్వాత టీవీలో చెప్పారు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా జనం ఇళ్లలోంచి బయటికొచ్చారట. ఆ రోజంతా అందరికీ ఇదే కబురు. మీకు తెలిసిందా, మా ఫ్యాన్ ఊగింది, మా పాలగిన్నె ఒలికింది అని. మధ్యాహ్నం ఇంటికెళ్లి పడుకున్నా నాకు నిద్ర రాలేదు. కళ్లు మూస్తే ఆ సిలిండర్ అడుగు లేవడమే కనపడింది.

జంబో సిలిండర్ అంటే ఏమిటో ఆసుపత్రి బయటివాళ్లకి చెప్పాలి. నా ఎత్తుకి కొంచెం తక్కువ, ఒక మనిషి బరువు. లోపల 7,000 లీటర్ల ఆక్సిజన్ కూరి ఉంటుంది. నిమిషానికి పది లీటర్ల చొప్పున ఇచ్చినా పదకొండు గంటలకి పైగా వస్తుంది. నిండుగా ఉన్నప్పుడు లోపలి ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 150 కేజీలు. లారీ టైరులో ఉండేది ఏడెనిమిది కేజీలు, అంతే. అది పడి మెడ దగ్గర వాల్వు విరిగితే ఆ ఇనప బండ తారాజువ్వలా లేస్తుంది, గోడ అడ్డొచ్చినా ఆగదు. అలాంటిదాన్ని పేషెంట్ తల పక్కన, గొలుసు లేకుండా, ఏళ్ల తరబడి నిలబెట్టాం. నేనే నిలబెట్టించాను. "పైప్‌లైన్ ఫెయిలయితే పనికొస్తుంది, అక్కడే ఉంచండి" అని ఇన్‌చార్జిగా చెప్పింది నేనే.

మా అమ్మది భద్రాచలం దగ్గర ఊరు. 1969 ఏప్రిల్‌లో అక్కడ భూకంపం వచ్చింది, 5.7 తీవ్రత. అటక మీది ఇత్తడి గిన్నెలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయని, వాళ్ల నాయనమ్మ చాలా రోజులు వాకిట్లోనే పడుకుందని అమ్మ చిన్నప్పట్నించీ చెప్పేది. మేము ఊకొట్టేవాళ్లం. గోదావరి లోయ కింద భూమిలో పాత పగుళ్లున్నాయని, ఈ ప్రాంతం అప్పుడప్పుడూ కదులుతుందని చదువుకున్నవాళ్లు చెప్తూనే ఉన్నారు. 1967లో ఒంగోలు కూడా ఊగింది. మనది భూకంపాల దేశం కాదు అని మనం అనుకోవడమే తప్ప భూమి ఆ మాట ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇంకో జ్ఞాపకం కూడా ఆ మధ్యాహ్నం పైకొచ్చింది. 2001లో నేను జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదువుతున్నాను. జనవరి 26న కాలేజీలో జెండా ఎగరేసి, బిస్కెట్లు పంచుకుని హాస్టల్‌కి వచ్చేసరికి టీవీలో గుజరాత్. పొద్దున ఎనిమిదీ నలభై ఆరుకి భుజ్‌లో భూకంపం. ప్రభుత్వ లెక్క ప్రకారమే చనిపోయినవాళ్లు 13,800 మందికి పైన. వాటన్నిటిలో నన్ను పట్టుకున్న వార్త ఒకటుంది. భుజ్ సివిల్ హాస్పిటల్ కూలిపోయింది. దెబ్బలు తగిలినవాళ్లని మోసుకొచ్చిన జనానికి ఆసుపత్రి ఉండాల్సిన చోట మట్టిదిబ్బ కనపడింది. లోపల పేషెంట్లు, మాలాంటి సిస్టర్లు. బతికిన డాక్టర్లు జూబ్లీ గ్రౌండ్‌లో ఆకాశం కింద వైద్యం మొదలుపెట్టారు. ఆ ఫొటో ఉన్న పేపర్ ముక్కని మా ప్రిన్సిపాల్ మేడమ్ నోటీసు బోర్డుకి పెట్టారు. సెలైన్ సీసా పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు, స్టాండు లేదు, అతనే స్టాండు. పరీక్షలైపోయేదాకా ఆ ముక్క అక్కడే ఉంది.

మా ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌కి వారానికి మూడుసార్లు ఒక పెద్దాయన వస్తారు. ఆర్ అండ్ బీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. కుర్చీలో నాలుగ్గంటలు కూర్చోవాలి కదా, నేను డ్యూటీ దిగాక ఐదు నిమిషాలు పలకరించి వెళ్లడం అలవాటు. ఆ వారం సిలిండర్ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. రక్తం గొట్టాలున్న చెయ్యి కదపకుండా, రెండో చేత్తో నా వైపు వేలు చూపించి, "మీ ఆసుపత్రి కూలకపోవచ్చు తల్లీ. పనిచెయ్యడం మానేస్తుంది. రెండూ పేషెంట్‌కి ఒకటే" అన్నారు.

ఆ రోజు ఆయన చెప్పిన కథ ఇది. తర్వాత నేను చదివి సరిచూసుకున్నాను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, లాస్ ఏంజెలెస్ శివారు సిల్మార్‌లో ఆలివ్ వ్యూ అని ఆసుపత్రి. కొత్త కట్టడం, అప్పుడే తెరిచారు. 1971 ఫిబ్రవరి 9 తెల్లవారుజామున ఆరు గంటలకి భూకంపం, తీవ్రత 6.6. కొత్త కాంక్రీటు భవనం కింది అంతస్తు ఒక పక్కకి ఒరిగిపోయింది. మెట్ల టవర్లు భవనం నుంచి విడిపోయి బయటికి పడ్డాయి. అంబులెన్సుల షెడ్డు కూలి అంబులెన్సులు దాని కింద నలిగిపోయాయి. ఆ ఆసుపత్రిలో ముగ్గురు పోయారు. వాళ్లలో ఇద్దరి మీద ఏమీ పడలేదు. కరెంటు పోయి, శ్వాస ఇచ్చే మిషన్లు ఆగిపోవడం వల్ల పోయారు.

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. నాలుగో బెడ్డు గుర్తొచ్చింది.

ఆ దెబ్బకి కాలిఫోర్నియా 1972లో ఆసుపత్రుల కోసమే ప్రత్యేకంగా భూకంప భద్రత చట్టం చేసింది. ఆలివ్ వ్యూని పడగొట్టి, ఉక్కు పలకలు పెట్టిన గోడలతో కోటలా మళ్లీ కట్టారు. 1994 జనవరి 17న అక్కడ ఇంకో భూకంపం వచ్చింది, 6.7. ఈసారి భవనం చెక్కుచెదరలేదు. స్తంభాలు, గోడలు, శ్లాబులు అన్నీ బాగున్నాయి. కానీ లోపల మంటలార్పే నీళ్ల పైపులు, ఏసీ నీళ్ల పైపులు తెగి అంతస్తుల మీద నీళ్లు పారాయి. చివరికి పేషెంట్లని వేరేచోటికి తరలించాల్సి వచ్చింది. అంత ఆలోచించి కట్టిన ఆసుపత్రిని వేలి లావు పైపులు ఖాళీ చేయించాయి.

"నువ్వు స్తంభాలు మార్చలేవు. పైపు కట్టుకోగలవు" అన్నారు సార్.

ఆ ఆదివారం మా ఎలక్ట్రీషియన్ అన్నని పట్టుకుని ఆసుపత్రంతా తిరిగాను. చేతిలో పాత కేస్‌షీట్ వెనకాల ఖాళీ కాయితం. ప్రతి వస్తువు ముందూ ఒకే ప్రశ్న. మొన్నటి కంటే పదింతలు గట్టిగా ఊగితే ఇది ఏమవుతుంది?

జనరేటర్‌తో మొదలుపెట్టాం. వెనక షెడ్డులో ఉంటుంది, పెద్దది, బోల్టులు బిగించి ఉంది. నేను సంతోషపడ్డాను. అన్న మాత్రం వంగి పక్కకి చూపించాడు. జనరేటర్‌ని స్టార్ట్ చేసే బ్యాటరీలు రెండూ ఒక చెక్క మీద ఉన్నాయి, చెక్క కింద నాలుగు ఇటుకలు. తడి తగలకుండా ఎవరో ఎప్పుడో పెట్టినవి. వైర్లు తాడులా బిగుసుకుని ఉన్నాయి. ఇటుక జారితే బ్యాటరీ పడుతుంది, వైరు తెగుతుంది. ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా లక్షల రూపాయల జనరేటర్ మూగబోతుంది. "ఇది నాకు రోజూ కనపడేదే మేడమ్, కానీ ఇలా చూడలేదు" అన్నాడు అన్న. అతని గొంతులో బాధ నిజంది. మర్నాడు మధ్యాహ్నమే వెల్డింగ్ షాపు నుంచి యాంగిల్ ముక్కలు తెచ్చి, నేలకి బిగించిన చట్రం చేసి, బ్యాటరీలకి పైనుంచి పట్టీ వేశాడు. వైర్లు కొంచెం వదులుగా పెద్దవి వేశాడు. ఎవర్నీ డబ్బులు అడగలేదు. తర్వాత నేను వోచర్ పెట్టించాను.

మా ఆసుపత్రి రెండు బ్లాకులు. పాతదీ కొత్తదీ వేరే వేరే ఏళ్లలో కట్టినవి, మధ్యలో అరచెయ్యంత సందు. వరండాలో ఆ సందు మీద అల్యూమినియం పట్టీ వేసి ఉంటుంది, స్ట్రెచర్ దాని మీంచి పోయినప్పుడల్లా టక్కుమంటుంది. ఇన్నేళ్లూ అది పేషెంట్‌కి కుదుపు అనే అనుకున్నాను. ఆ సందు ఎందుకో ఇంజినీర్ సార్ చెప్పారు. భూమి కదిలితే రెండు భవనాలు రెండు రకాలుగా ఊగుతాయి, ఒకదానికొకటి కొట్టుకోకుండా దూరం పెడతారు. తల పైకెత్తి చూస్తే ఆ సందు మీదుగా మా ఆక్సిజన్ రాగి పైపు నిటారుగా, కర్రలా, ఇవతలి గోడ నుంచి అవతలి గోడకి పోతోంది. దాని పక్కనే నీళ్ల పైపు. రెండు భవనాలు చెరో వైపు లాగితే ముందు తెగేది అదే. సిలిండర్ గది పాత బ్లాకులో. ఐసీయూ కొత్త బ్లాకులో.

దీనికి మాత్రం డబ్బు కావాలి. వంగే గొట్టం, అల్లిన ఉక్కు తొడుగుతో, గ్యాస్ పైప్‌లైన్ వాళ్లే వెయ్యాలి. వేసేటప్పుడు లైను ఆపాలి, ఆ రాత్రి ప్రతి బెడ్డుకీ జంబో పెట్టుకోవాలి. యాజమాన్యం దగ్గరికి కాయితం పట్టుకెళ్లాను. "మనది నేపాలా సిస్టర్, ఇంత టెన్షన్ ఎందుకు" అన్నారు. ఆ మాటకి నాకు కోపం రాలేదు, భయమేసింది. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25 మధ్యాహ్నం 7.8తో భూమి కదిలినప్పుడు కాఠ్మాండూ ఆసుపత్రుల ముందు పేషెంట్లు వరసగా నేల మీద పడుకుని ఉన్న ఫొటోలు అందరం చూశాం. ఆ రోజు మన ఊళ్లో మనం వాళ్ల గురించి అయ్యో అనుకున్నాం. అనుకోవడంతో ఆగిపోయాం. నేను మళ్లీ వెళ్లాను, మళ్లీ వెళ్లాను. ఆ పైపుకి వంగే గొట్టం పడేసరికి నాలుగు నెలలు పట్టింది. పడింది, అది చాలు.

డబ్బు అక్కర్లేని పనులు మేమే చేసుకున్నాం. సిలిండర్లకి గోడలో యాంకర్ బోల్టులు దింపి రెండు గొలుసులు, ఒకటి నడుం దగ్గర, ఒకటి భుజం దగ్గర. ఒక్క గొలుసైతే కింద నుంచి జారుతుంది. మందుల గది రాక్‌లని ఎల్ క్లాంపులతో గోడకి బిగించాం. అరల అంచుకి సన్నటి చెక్క బీడింగ్ కొట్టించాం, సీసాలు జారి పడకుండా. పాము మందు వయల్స్ ఇన్నాళ్లూ పై అరలో ఉండేవి, కింద అరకి దించాం. పొలాల ఊళ్ల మధ్య ఉన్న ఆసుపత్రి మాది, ఆ వయల్ ఒక్కటి పగిలినా మాకు తెలుసు దాని విలువ. మానిటర్ ట్రాలీల చక్రాలకి బ్రేకులున్నాయని సగం మంది సిస్టర్లకి తెలియదు. ఇప్పుడు ప్రతి షిఫ్టులో కాలితో నొక్కి చూస్తారు.

ఆంబూ బ్యాగుల సంగతి చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, అయినా చెప్తాను. కరెంటు పోయి మిషన్ ఆగితే చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే రబ్బరు సంచి అది. మా ఐసీయూలో నాలుగున్నాయి. నాలుగూ బీరువాలో, బీరువాకి తాళం, తాళంచెవి ఇన్‌చార్జి దగ్గర, అంటే నా దగ్గర. పోతాయని భయంతో పెట్టిన తాళం. ఆ రోజు భూమి ఇంకొక్క నిమిషం ఊగి కరెంటు పోయుంటే, నేను రెండు చేతులతో ట్యూబు పట్టుకుని ఉంటే, తాళం ఎవరు తీసేవాళ్లు? ఇప్పుడు వెంటిలేటర్ ఉన్న ప్రతి బెడ్ తలవైపు కొక్కేనికి ఒక బ్యాగు వేలాడుతుంది. ఆయమ్మలకీ వార్డు బాయ్‌లకీ నొక్కడం నేర్పాం. పెద్దవాళ్లకైతే ఐదారు సెకన్లకోసారి, ఛాతీ లేచేంత, అంతకన్నా ఎక్కువ వద్దు. తడిగుడ్డ కర్ర పట్టుకుని నిలబడిపోయిన ఆయమ్మే అందరికన్నా బాగా నేర్చుకుంది. "వెయ్యిన్ని ఒకటి, వెయ్యిన్ని రెండు" అని పైకి లెక్కపెట్టుకుంటూ నొక్కుతుంది.

నీళ్ల గురించి ఇంజినీర్ సారే ఎక్కువ పట్టుపట్టారు. ఆయన ప్రాణం నీళ్లతో ముడిపడి ఉంది కదా. డయాలసిస్ మిషన్‌లో నిమిషానికి అర లీటరు శుద్ధి చేసిన నీళ్లు తిరుగుతాయి, నాలుగ్గంటలకి ఒక్క మనిషికి 120 లీటర్లు. ఆర్‌ఓ ప్లాంటు ఆ నీళ్లు ఇవ్వడానికి అంతకన్నా చాలా ఎక్కువ తీసుకుంటుంది. మా నీళ్లన్నీ డాబా మీద ఐదువేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకుల్లో. అంటే ఒక్కో ట్యాంకూ ఐదు టన్నులు, ఇటుక దిమ్మల మీద. పైపు ఊడితే చాలు, డయాలసిస్ ఆగిపోతుంది. అదీ ఎప్పుడు? సరిగ్గా ఎక్కువ మందికి కావాల్సిన రోజున.

శిథిలాల కింద గంటల తరబడి కాలో చెయ్యో నలిగినవాళ్లని బయటికి తీసినప్పుడు అందరూ అమ్మయ్య అనుకుంటారు. మాకు అసలు భయం అప్పుడే. నలిగిన కండలోంచి పొటాషియం, ఇంకా విషపదార్థాలు ఒక్కసారిగా రక్తంలోకి వస్తాయి. గుండె ఆగొచ్చు, కిడ్నీలు మూసుకుపోవచ్చు. అందుకే బరువు తియ్యకముందే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలంటారు. 1999 ఆగస్టు 17న టర్కీలో మర్మరా భూకంపం తర్వాత ఇలా కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు 639 మంది అని అక్కడి డాక్టర్లు లెక్క తీశారు. వాళ్లలో 477 మందికి డయాలసిస్ చెయ్యాల్సి వచ్చింది. భవనం కిందనుంచి ప్రాణాలతో లాగిన మనిషిని, ఇంకో భవనం మీద పైపు ఊడిందని పోగొట్టుకోవడం ఎంత అన్యాయం! ఈ సంగతి చదివిన రోజు నేను సార్ కుర్చీ పక్కనే కూర్చుండిపోయాను. ట్యాంకు దిమ్మలకి ఇప్పుడు ఉక్కు పట్టీలు వేశారు. నేల మీద సంపు నుంచి ఆర్‌ఓకి నేరుగా చిన్న మోటారు లైను కూడా వేశారు. ఆ మోటారు జనరేటర్ మీద ఉంది, జనరేటర్ ఆ బ్యాటరీ మీద ఉంది.

ఫిబ్రవరిలో మొదటి డ్రిల్ చేశాం. వార్డు బాయ్‌ని నాలుగో బెడ్‌లో పడుకోబెట్టి, లిఫ్టు వాడకుండా రెండో అంతస్తు నుంచి కిందికి దించమన్నాం. పంతొమ్మిది నిమిషాలు పట్టింది. మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగలేదు. బ్యాగు నొక్కే అమ్మాయి వెనక్కి నడుస్తూ రెండుసార్లు నొక్కడం ఆపేసింది. ఆ పిల్లని తప్పుపట్టలేను, అక్కడ ఇద్దరు నిలబడే చోటే లేదు. అప్పుడు తెలిసింది, ఐసీయూని దించడం ఆఖరి దారి. ఊగుతున్నప్పుడు ఎక్కడికీ తీసుకెళ్లకూడదు. ఊగడం ఆగాక, పొగో గ్యాసు వాసనో స్తంభం మీద పగులో కనపడితేనే కదలాలి. లేదంటే ఉన్నచోటే పేషెంట్‌ని కాపాడుకోవాలి, దానికే ఈ గొలుసులూ పట్టీలూ అన్నీ.

కింద కార్ పార్కింగ్‌లో మూలలకి రంగు గీతలు గీశాం. దెబ్బల తీవ్రతని బట్టి మనుషుల్ని విడదీయడానికి. వెంటనే చూడాల్సినవాళ్లకి ఎరుపు, కాసేపు ఆగగలిగినవాళ్లకి పసుపు, చిన్న దెబ్బలవాళ్లకి ఆకుపచ్చ. చనిపోయినవాళ్లకి నలుపు, అది కాంపౌండ్ వెనకవైపు. కంప్యూటర్ పనిచెయ్యదు కాబట్టి పేరు, టైం, ఇచ్చిన మందు ప్లాస్టర్ మీద మార్కర్‌తో రాసి ఛాతీకి అంటించాలి. ఇందుకోసం ప్రత్యేకంగా ఒక ట్రంకు పెట్టె పెట్టాం, గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో, భవనంలో కాదు. డ్రిల్ నాడు పేషెంట్ల బంధువులు కూడా నిలబడి చూశారు. ఒక పెద్దమనిషి వచ్చి, "మేమేం చెయ్యాలో కూడా చెప్పండమ్మా, మాకూ చేతులున్నాయి" అన్నాడు. ఆ మాటతో మా ప్లాన్ మారింది. ఇప్పుడు అడ్మిషన్ అప్పుడే తోడున్న మనిషికి చెప్తున్నాం, ఊగితే పరిగెత్తకండి, బెడ్ బ్రేకు నొక్కి పేషెంట్ తల మీద దిండు పెట్టి పట్టుకోండి అని.

ఇంతా చేసి, నా కాయితంలో ఒక లైను మాత్రం అలాగే ఉంది. కొత్త బ్లాకు కింద అంతా పార్కింగ్, గోడలు లేవు, స్తంభాలే. 2001లో భుజ్‌కి రెండొందల కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఇలా కింద ఖాళీ స్తంభాలున్నవే. పై అంతస్తులు పెట్టెలా గట్టిగా ఉంటాయి, కింద కాళ్లు సన్నగా ఉంటాయి. మన దేశపు కోడ్ ప్రకారం ఆసుపత్రిని మామూలు ఇంటికంటే ఒకటిన్నర రెట్లు భూకంప బలానికి తట్టుకునేలా లెక్కవేసి కట్టాలి. మా బ్లాకు డ్రాయింగుల్లో ఆ ఒకటిన్నర ఉందా అని ఇంజినీర్ సార్ అడిగారు. డ్రాయింగులు ఇంతవరకూ నాకు ఎవరూ చూపించలేదు. స్ట్రక్చరల్ ఇంజినీరుతో పరీక్ష చేయించమని మూడు లెటర్లు పెట్టాను. నాలుగోది ఈ వారం రాస్తున్నాను.

కొత్తగా ఆసుపత్రి కట్టబోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే చేతులు జోడించి అడుగుతున్నాను, శంకుస్థాపన ముందే ఈ ప్రశ్న వెయ్యండి. భుజ్‌లో కూలిన ఆసుపత్రి బదులు కట్టిన జి.కె. జనరల్ హాస్పిటల్ పునాదికీ భవనానికీ మధ్య రబ్బరు, ఉక్కు పొరలు పొరలుగా పేర్చి నడుమ సీసం పోసిన దిమ్మెల మీద నిలబడి ఉంది. న్యూజిలాండ్‌లో పుట్టిన పద్ధతి అది. కింద భూమి కదులుతుంటే పైన ఆసుపత్రి మెల్లగా జరుగుతుంది, పగలదు. జపాన్‌లో ఇషినోమాకి రెడ్‌క్రాస్ ఆసుపత్రి కూడా ఇలాంటి ఏర్పాటు మీదే, సముద్రానికి దూరంగా 2006లో కొత్తగా కట్టారు. 2011 మార్చి 11న ఆ ఊళ్లో సునామీ ఊడ్చేస్తే, పనిచేస్తూ నిలబడి ఊరికి దిక్కయింది ఆ ఆసుపత్రే. మా ఊరికి అంతటి ఖరీదైన దిమ్మెలు అక్కర్లేకపోవచ్చు. లెక్క మాత్రం కావాలి, ఆ లెక్క చేసిన కాయితం కళ్లతో చూడాలి.

నాలుగో బెడ్ కుర్రాడు పదకొండో రోజున ట్యూబు తీయించుకుని, ఇంకో వారానికి ఇంటికెళ్లాడు. వెళ్లేముందు వాళ్లమ్మ ఐసీయూ తలుపు దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చి, గోడకి కొత్తగా వేసిన గొలుసుని చేత్తో పట్టుకుని చూసింది. "ఇది ఆ రోజు లేదు కదా బిడ్డా" అంది. లేదమ్మా అన్నాను.

ఇప్పుడు షిఫ్టు మారేటప్పుడు రాసే మా హ్యాండోవర్ పుస్తకంలో డ్రగ్స్ లెక్క, నార్కోటిక్ మందుల బీరువా తాళం, క్యాథెటర్ల లెక్క తర్వాత కింద ఇంకో మూడు గడులున్నాయి. సిలిండర్ గొలుసు, సిలిండర్ కీ, ఆంబూ బ్యాగు. సిలిండర్ కీ అంటే వాల్వు తిప్పే చిన్న స్పానర్. ఎవరో ఒకరు జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోయేవాళ్లు. ఇప్పుడు ప్రతి సిలిండర్ మెడకీ దాని కీని సైకిల్ గొలుసుతో కట్టేశాం. నిన్న రాత్రి డ్యూటీకి కొత్తగా చేరిన అమ్మాయి ఒక్కో బెడ్ దగ్గర వంగి, గొలుసు లాగి చూసి, కీ తిప్పి చూసి, పుస్తకంలో టిక్కు పెట్టింది. ఐదో బెడ్ దగ్గర ఆగి, "మేడమ్, దీని కింది గొలుసు వదులైంది" అంది. ఎలక్ట్రీషియన్ అన్నకి అప్పుడే ఫోన్ చేశాను.